వంకలో వదిలేసిన డేక్సా

నాజ్నీన్, నేను ఇంతవరకూ ఏదీ రాసినదాన్ని కాదు. మూడో తరగతితోనే పలక పక్కన పెట్టేసినా. నువ్వేమో "మామీ, అమ్మ గురించి ఏమన్నా చెప్పు, ఫోన్‌లో నొక్కి మాట్లాడి పంపు, చాలు" అంటివి. నొక్కినా. రెండు మాటలు చెప్పినా. నా గొంతు నేనే విని సిగ్గేసి తుడిపేసినా. ఎదురుగా కూర్చోని చెప్పాలంటే ఇంకా సిగ్గు. అందుకే నువ్వు మందుల షాపుకు డ్యూటీకి పోయినాక, ఇక్కడ వంటింట్లో నిలబడి రాస్తాండా. తప్పులుంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు. ఎందుకంటే రేపు సెలవని నువ్వూ నీ జతగాళ్ళూ కొండల్లో వాదికి పోయి టెంట్ వేస్తామంటాండారు. "వాన లేదు మామీ, ఫోన్‌లో చూసినా, మన కల్బాలో ఎండే" అన్నావు పొద్దున. మీ అమ్మ కూడా ఆ పొద్దు ఆకాశం చూసి అదే మాట అనింది.

మీ అమ్మను నువ్వు సరిగ్గా చూసిందే లేదు కదా. నిన్ను రాయచోటిలో మీ జేజి దగ్గర పెట్టి వచ్చింది. రెండేండ్లకొకసారి సెలవు, వస్తే నువ్వు కొత్తమనిషిని చూసినట్టు దాక్కుంటాంటివంట. అది చెప్పి నవ్వేది, నవ్వి అటు తిరుక్కునేది. ఇక్కడ గల్ఫ్‌లో ఒక బడిలో ఆయా పని. బడి పిల్లోళ్ళంతా ఆమె కొంగు పట్టుకోనే తిరిగేది. నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డ తిత్తి, దాంట్లో వక్క, లవంగాలు. ఆ తిత్తి ఇప్పుడు నా దగ్గరే ఉంది, నువ్వు చూసింటావు, మసాలా డబ్బా పక్కన మేకుకు తగిలించింది. ఇంక ఆమె బిర్యానీ సంగతి! శుక్రవారం సెలవొస్తే చాలు, "కుబ్రా ఆపా, ఈ వారం మా రూముకు" అని ఫోన్‌లు. చేసేటప్పుడు మాత్రం ఎవరూ దగ్గరికి పోకూడదు. మూత చుట్టూ పిండి అతికించి, పైన నిప్పులేసినాక ఎవరన్నా తాకితే చెయ్యి మీద గరిటె దెబ్బే. "దమ్ మీదున్న డేక్సానీ, పురిట్లో ఉన్న ఆడదాన్నీ కదిలించకూడదే పర్వీనా" అనేది. మీ మామ ఒకసారి ఆకలికి ఆగలేక మూత కొంచెం ఎత్తినాడని వారం రోజులు మాట్లాడలేదంటే చూడు.

ఆ పొద్దు సంగతే చెప్తాండా. కరోనా రాకముందు చలికాలం అది. శుక్రవారం. మీ మామ షఫీ గ్యారేజీ పికప్ తెచ్చినాడు, అది కఫీల్‌ది, అదే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న అరబ్బాయనది. మీ అమ్మ, నేను, పక్కరూము కామాక్షి. కామాక్షిది నెల్లూరు, మాంసం తినదు. తన పులిహోర తను టిఫిన్‌లో కట్టుకోని వచ్చింది. వాది అంటే ఏమీ లేదమ్మా, మన ఊరి పక్కన వంక ఉంది చూడు, అదే. ఏడాదంతా ఎండే ఉంటాది. రెండు పక్కలా కొండలు, నడుమ ఇసక, ఒక పక్కన సన్నగా పారే నీళ్ళు. పైన గట్టు మీద చదునైన చోటుంది, మీ మామ అక్కడ ఆపబోయినాడు. మీ అమ్మ "ఈ గాలికి మంట నిలవదురా, కిందికి పోనీ" అని ఇసకలోకి దింపించింది. పొయ్యి రాళ్ళు పెడతాంటే కామాక్షి తలెత్తి, "అక్కా, ఆ ముళ్ళచెట్టు కొమ్మకు, అంత పైకెక్కి కవరు ఎవరు కట్టినారు?" అనింది. ఎండిన గడ్డీ, ప్లాస్టిక్ కవర్లూ, మన తలకన్నా పైన తగులుకోని ఉన్నాయి. "గాలికెగిరింటాది లేమ్మే, నువ్వు ఉల్లిపాయలు తరుగు" అనేసింది మీ అమ్మ. అది గాలి పని కాదమ్మా, ఎప్పుడో నీళ్ళు అంత ఎత్తుకు వచ్చి తగిలించి పోయినవి. నలుగురం చూసినాం, నలుగురికీ తట్టలేదు.

డేక్సా దమ్ మీద పెట్టినాం. దూరంగా కొండల మీద ఆకాశం బొగ్గు మాదిరి అయింది. మీ మామ రెండుసార్లు అడిగినాడు, "పోదామా ఆపా?" అని. "ఇక్కడ చుక్క పడిందా? దమ్ దించేదాకా కదిలేది లేదు. పిరికోడివి, నిన్ను మనమ్మ పిల్లి పాలు పోసి పెంచింది" అనింది. అందరం నవ్వినాం. మీ మామ కూడా నవ్వినాడు. ఇంతలో పైనుంచి చల్లటి గాలి కొట్టింది, మట్టి వాసన. మీ అమ్మ ఆ సన్న కాలువ పక్కన కూర్చోని పళ్ళెం కడుగుతాండె. చేతిలో నీళ్ళు తెల్లగా ఉన్నవి టీ రంగు తిరిగినాయి. పళ్ళెం అట్లే వదిలేసి లేచింది. ఆమె మొగం అట్ల నేనెప్పుడూ చూడలా. "ఒరే షఫీ, వంకొస్తాందిరా" అనింది. పైన వాన పడితే కింద వంకొస్తాదని రాయచోటిలో పుట్టినోళ్ళకు ఒకరు చెప్పాల్నా? ఇన్నేండ్లు ఎడారి అనుకోని మర్చిపోయింటిమి, అంతే.

మీ మామ బండి దగ్గరికి ఉరికినాడు. "ఎక్కండి, యల్లా, ఎక్కండి!" అని. రోడ్డు చేరాలంటే మళ్ళీ ఆ వంకలోనే పోవాల, మూల తిరిగి చానా దూరం. మీ అమ్మ వెనకే పోయింది కానీ ఎక్కలేదు. మీ మామ చేతిలోని బండి తాళం పెరికి తిత్తిలో వేసుకోని, తిత్తిని రవికెలో దోపుకునింది. "నీళ్ళతో పందెం పరిగెత్తుతావా? పైకెక్కు!" అనింది. "తాళం ఇయ్యి ఆపా! బండి కఫీల్‌ది! నా పని పోతాది!" అని మీ మామ ఏడ్చినంత పని చేసినాడు. అప్పుడు మీ అమ్మ అన్న మాట చెప్తా విను. "పని పోతే ఇంకోటి చూస్తా. నా నాజ్నీన్‌కు మేనమామ ఇంకోడు యాడ దొరుకుతాడురా?"

కొండెక్కడానికి దగ్గర్లోనే ఒక సందు, నున్నగా, మెట్లు వేసినట్టు ఉండె. నేను అటే పోయినా. మీ అమ్మ నా జడ పట్టి లాగింది. "నున్నగా ఉందంటే అది నీళ్ళు దిగే దారే. ముళ్ళున్న పక్కకు రా." ఇంకా "ఒకరి వెనక ఒకరు రావద్దు, పక్కపక్కన ఎక్కండి, మీ కాలికింద రాయి జారితే కిందోళ్ళ నెత్తి పగులుతాది" అని అరుస్తానే ఉండె. మోకాళ్ళ నొప్పుల మనిషి, బురఖా నడుముకు చుట్టుకోని, చేతులూ కాళ్ళూ ఆనించి ఎక్కింది. కామాక్షి టిఫిన్ మాత్రం వదలలేదు.

మొదట లారీలో కంకర దించినట్టు సద్దు. తర్వాత నీళ్ళు. నీళ్ళంటే నీళ్ళ మాదిరి లేవు నాజ్నీన్, ముందు చెట్లూ రాళ్ళూ, వెనక ఎర్రటి బురద. మన డేక్సా ఒక్కసారి లేచి, గుండ్రంగా తిరిగి, మూతతోనే తేలుకుంటా పాయె. మీ అమ్మ చూసి, ఆయాసపడతానే, "చూసినావా, మూత ఊడలేదు! నా పిండి ఎంత గట్టిదో!" అనింది. ఆ వెనకే పికప్ పక్కకు ఒరిగి పాయె. కింద మూల దగ్గర నీళ్ళు రెండు పక్కలా కొండకు కొడతాన్నాయి. మేము బండెక్కింటే సరిగ్గా అక్కడ ఉండేవాళ్ళం. మీ మామ ఆ మూలనే చూస్తా చూస్తా వచ్చి, మీ అమ్మ ఒడిలో తల పెట్టినాడు. ఇంక తాళం అడగలేదు. ఆమె వాని తల నిమురుతా కూర్చునింది, గడ్డం నెరిసిన మనిషిని.

కామాక్షి టిఫిన్ తెరిచి తలా పిడికెడు పెట్టింది. మీ అమ్మ నమిలి, "ఉప్పు తక్కువైందమ్మే కామాక్షీ" అనింది. కామాక్షి ఏడుస్తా నవ్వింది.

నీళ్ళు తగ్గినాక దిగినాం. కఫీల్ ముందు అరిచినాడు, తర్వాత "అల్‌హందులిల్లా, మనుషులున్నారు, ఖలాస్, అంతే చాలు" అన్నాడు. మరుసటి ఏడు కరోనాకు మీ అమ్మ పాయె. నీకు కడసారి చూపు కూడా దక్కలా. ఆమెకు అన్నీ తెలుసని నేను చెప్పడం లేదు. ఇసకలో పొయ్యి పెట్టించింది ఆమెనే. దమ్ మీదున్న డేక్సా వదిలేసి లేచింది కూడా ఆమెనే. అది ఆమెకు ఎంత కష్టమో నీకు తెలియదు, నాకు తెలుసు.

ఇక్కడిదాకా రాసినాక నువ్వొచ్చిన సద్దయితే మడిచి బియ్యం డబ్బాలో పెట్టేసినా. రాత్రి ఇయ్యాలనుకుంటి. నువ్వు టెంట్ మడుస్తా పాట పాడుకుంటాంటే ఆ డబ్బా మూత తియ్యలేకపోతి.

ఈ పొద్దున నమాజు చేసుకోని, డబ్బాలోని కాగితాలూ, మేకుకున్న తిత్తీ తీసుకోని కిందికి దిగినా. నీ జతగాడు సైఫ్ బండిలో సామాన్లు సర్దుతాండాడు. ఆ పిల్లోనితో నేను ఎప్పుడన్నా మాట్లాడినానా? "టెంట్ యాడ వేస్తారు నాయనా?" అన్నా. "కింద ఇసకలో మామీ, మెత్తగా ఉంటాది" అన్నాడు. "బండి తాళం ఇటియ్యి" అన్నా. ఏందో అనుకోని ఇచ్చినాడు. తిత్తిలో వేసి రవికెలో దోపుకోని, ముందు సీట్లో ఎక్కి కూర్చున్నా. ఈ నాలుగు ముక్కలు ఇక్కడే కూర్చోని రాస్తాండా. సైఫ్ అద్దం తడతాండాడు. నువ్వింకా మెట్లు దిగలేదు.