పొమ్మంటే పోని మాస్టర్

ఆసుపత్రి వార్డులో కటింగ్ మాస్టర్ మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. రేపటి ఆపరేషన్‌కి ససేమిరా అంటున్నాడు. పక్కన స్టూలు మీద ల్యాబ్‌లో పనిచేసే అన్న కూతురు.

"బాబాయ్, కిడ్నీలో గడ్డ అది. నీ తప్పేం కాదు."

"మరి వచ్చినవాళ్ళంతా ఏం తిన్నావు, ఏం తాగావు అని అడుగుతారేం? తప్పు చేసినవాడిలా నేను కోయించుకోనే."

"ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే జన్యువులు ఒకే తాను గుడ్డ అనుకో. ఇక్కడ చెయ్యి, అక్కడ కన్ను అని చెప్పేవి కొన్ని ప్రొటీన్లు."

"అంటే కటింగ్ మాస్టర్లు."

"అదే. నువ్వు నాయనమ్మ కడుపులో ఉన్నప్పుడు నీ కిడ్నీని పెంచమని చెప్పిన ప్రొటీన్ ఒకటుంది. పనయ్యాక అది నోరు మూసుకోవాలి. ఇప్పుడు మళ్ళీ లేచి, పెరగండి పెరగండి అంటోంది."

"పనైపోయింది, ఇంటికి పొమ్మంటే పోలేదన్నమాట."

"పోలేదు."

"బట్టల కంపెనీలో గుడ్డ కత్తిరించే మెషిన్ వచ్చిందని నన్నూ పొమ్మన్నారు. పోయానా? వాళ్ళ గేటెదురే కొట్టు పెట్టాను."

"అందుకే దాని మీద జాలి కాబోలు."

"జాలా, నా మొహం! నేను పెట్టింది నా సొంత కొట్టు. వాడు నా కొట్లో దూరి నా గుడ్డ పాడుచేస్తున్నాడు. మీ డాక్టర్ని పిలువు."

"ఒప్పుకున్నట్టేనా?"

"కొయ్యమను. ముందు ఆ కత్తి తెచ్చి నాకు చూపించమను. మొండి కత్తెర పట్టినవాణ్ణి నా బల్ల దగ్గరికి ఏనాడూ రానివ్వలేదు, ఇప్పుడూ రానివ్వను."