గాలి బొత్తాం

ఆ పక్క బొత్తాం నొక్కకోయ్, అది పనిచెయ్యదు. కాలం పాడుచేసింది కాదులే, ఒక పెద్దమనిషి మంచితనం పాడుచేసింది. మా అన్నయ్య అకార్డియన్ అది, మెడకి తగిలించుకుని తిత్తి సాగదీస్తూ వాయించే హార్మోనియం లాంటిది. హోటల్లో జాజ్ వాయించే బ్యాండులో ఉండేవాడు. జాజ్‌లో ఒక మర్యాద ఉంది చూశావూ, బ్యాండు మాస్టరు ఎవరివైపు తల ఊపితే వాళ్లు ఒంటరిగా తమ మనసులో మాట వాయించుకోవాలి. శాక్సఫోన్‌కి ఊపేవాడు, ఆఖరికి డ్రమ్ములకీ ఊపేవాడు. అన్నయ్యతో మాత్రం, "నీది వంతపాడే పెట్టేనయ్యా, వెనకాల అలా నింపుతూ ఉండు" అనేవాడు. ఇంట్లో సాధన చేస్తే మా వదిన, "ఏడిస్తే నోరారా ఏడవండి, ఆ మూలుగుడేమిటి?" అనేది. ఆవిడ చెవి అసాధ్యం, పక్కింట్లో గిన్నె పడినా ఏ గిన్నో చెప్పేది... ఆఁ, ఎక్కడున్నాను? ఒకనాడు శాక్సఫోన్ అతనికి పన్నునొప్పి వచ్చి దవడ వాచింది. మాస్టరు గత్యంతరం లేక ఇటు తల ఊపాడు. నేను ఆవేళ హాల్లోనే ఉన్నాను. అన్నయ్య హడావిడి పడలేదు. ఒక్క స్వరం పట్టుకుని, తిత్తి మెల్లగా సాగదీస్తూ, చెప్పలేనిది ఎలాగో చెప్పేసినట్టు వాయించాడు. చివర మెట్లన్నీ వదిలేసి ఆ బొత్తాం నొక్కాడు. స్వరం పలక్కుండా గాలి వదిలే బొత్తామది. హాలంతటా ఉత్త ఊపిరి వినబడింది. చెంచాలు ఆగిపోయాయి. శాక్సఫోన్ అతను కళ్లు తుడుచుకున్నాడు, పన్ను వల్లే అన్నాడనుకో.

హోటలు యజమాని మాత్రం తెగ నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, అంత బాగా వాయిస్తుంటే చివర్లో గాలి పోయిందే!" అని, సెలవురోజున పెట్టె తానే మరమ్మతుకు పంపించాడు. ఆ మరమ్మతువాడు గాలి పోయే దారి శుభ్రంగా మూసేశాడు. మర్నాడు మాస్టరు ఎవరూ అడక్కుండానే అన్నయ్య వైపు తల ఊపాడు. అన్నయ్య చివరిదాకా వచ్చి బొత్తాం నొక్కాడా, ఏమీ లేదు. మళ్లీ నొక్కాడు. తిత్తి సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. యజమాని లేచి నిలబడి చప్పట్లు! "చూశారా, ఇవాళ పిసరంత గాలి పోలేదు!" అన్నయ్య తల వంచి, "మీ దయ" అన్నాడు. మళ్లీ తెరిపించుకోవచ్చుగా అంటావు. ఆ యజమాని కనబడినప్పుడల్లా, "పెట్టె ఎలా ఉంది?" అని పసిపిల్ల ఒంట్లో ఎలా ఉందన్నట్టు అడుగుతుంటే, ఏ మొహం పెట్టుకుని తెరిపిస్తాడు? ఆ తర్వాత మాస్టరు తల ఊపినా శాక్సఫోన్ వైపు చూపించి తప్పుకునేవాడు. అన్నయ్య పదవీ విరమణ సభలో కూడా యజమాని ఆ మరమ్మతు గురించే మాట్లాడాడు.

సరే, ఇక మూసెయ్యి. ఊఁహూఁ, ఊరికే మూసుకోదు, ఏదో ఒక మెట్టు నొక్కిపట్టి మూయాలి. మెల్లగా... ఆఁ.

...ఆ ఫ్యాను కాస్త తగ్గించు, కళ్లల్లోకి గాలి కొడుతోంది.