పదమూడో చక్రం

రైలు షెడ్డు ఆఫీసులో ప్రోగ్రామరమ్మాయి తెర చూసి బిగుసుకుపోయింది. వెనకే మేస్త్రి నిలబడి ఉన్నాడు.

“అన్నా, పగుళ్లున్నాయేమో చూడమని వంద చక్రాల ఫొటోలు పంపితే ఏఐ తొంభై తొమ్మిది జవాబులే ఇచ్చింది.”

“ఒక్కటేగా తగ్గింది, ఎందుకమ్మా కంగారు?”

“మసకగా ఉందని మూడో ఫొటో వదిలేసింది. జవాబుల ఫైల్లో ఒక్కోదాని పక్కనా ఫొటో పేరు రాయించాల్సింది, నేను వరసనే నమ్ముకున్నా. అక్కణ్ణుంచి అన్నీ ఒక గడి జరిగిపోయాయి, నాలుగోదాని జవాబు మూడోదానికి పడింది.”

“అంటే పగిలిందని మేం మార్చిన పన్నెండోది…”

“శుభ్రంగా ఉంది. పగిలింది పదమూడోది.”

“ఆ బండి గంట కిందటే జనంతో వెళ్లిపోయిందమ్మా!”

“ఆపించన్నా. తప్పు నాదేనని చెప్పు.”

“తప్పొప్పులు తర్వాత,” అంటూ మేస్త్రి ఫోనందుకున్నాడు.

ఆరు నిమిషాలు గడిచాయి.

“ఆగింది తల్లీ.”

ఆమె కుర్చీ లాక్కుని, ప్రతి జవాబు పక్కనా ఫొటో పేరు వచ్చేలా ప్రోగ్రాం మార్చడం మొదలుపెట్టింది.