ఎనిమిదో మనిషి

జూన్ నెల మధ్యాహ్నం. మిచిగన్‌లో యాపిల్ తోటల మధ్య ఒక చిన్న ఊరు. వెర్నా హాస్కెల్ ఇంటి వంటగది. వెర్నాకు డెబ్బై దగ్గర పడ్డాయి. ఆమెను చూడడానికి వచ్చిన జోలీన్‌కు నలభై రెండు. ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి.

"...అక్కడొద్దు, ఆ కుర్చీ కాలు ఊగుతుంది. ఇటు కూర్చో జోలీన్, కిటికీ వైపు."

"కిటికీకి చెక్క కొట్టేసి ఉందిగా."

"మార్చిలో రాయేశారు. అద్దం వేయించొచ్చు. మళ్లీ వేస్తారేమోనని..."

"ఎవరేశారో తెలీదా?"

"తెలుసు. పదిహేనేళ్ల పిల్ల. వాళ్ల నాన్న చచ్చిపోయాడు మావాడి చేతిలో. వెయ్యనీలే అనుకున్నా. కాఫీలో పాలు పొయ్యనా?"

"వద్దండీ. ఎక్కువసేపు ఉండను, వెర్నా గారూ. మా ఆయనకి పళ్లడాక్టరు దగ్గరికని చెప్పి వచ్చా."

"నా ఉత్తరం చూపించలేదా ఆయనకి?"

"చూపిస్తే చింపి పారేసేవాడు. నేనే రెండుసార్లు చెత్తబుట్టలో వేసి తీశా."

"ఎందుకు తీశావ్?"

"నాకూ అడగాల్సింది ఉంది. ఎందుకు చేశాడండీ?"

"జోలీన్..."

"నాలుగేళ్లు యాపిళ్ల ప్యాకింగ్ షెడ్డులో నాతో కలిసి పనిచేశాడు మీ గ్యారెట్. నేను బెల్టు మీద యాపిళ్లు ఏరేదాన్ని, అతను పెట్టెలు లారీకి ఎత్తేవాడు. ఒకసారి మంచులో నా కారు మొరాయిస్తే గంటసేపు చలిలో నిలబడి స్టార్ట్ చేసి పెట్టాడు. ఆ మనిషే అక్టోబరులో ఓ మంగళవారం తుపాకీ పట్టుకొచ్చి ఏడుగుర్ని... అందులో మా చెల్లెల్ని... ఎందుకండీ?"

"లొరెట్టా కదా, మీ చెల్లెలు."

"ఆ పేరు మీరనకండి."

"అనను. తప్పయిపోయింది. అననులే."

"ఎందుకో చెప్పండి."

"నాకు తెలిస్తే ఇలా ఉంటానా?"

"కన్నతల్లి మీరు."

"కన్నతల్లినే. వాడూ ఆ రోజే పోయాడు, అందుకే అందరూ నన్నే అడిగారు. పోలీసులొచ్చి వాడి కంప్యూటరు, బట్టలు, మందు సీసాలు, రెండో తరగతి నోటుపుస్తకం దాకా మూటగట్టుకుపోయారు. యూనివర్సిటీ నుంచి ఒకాయనొచ్చి, చిన్నప్పుడు మీ పాలే తాగాడా, డబ్బా పాలా అనడిగాడు."

"ఏం చెప్పారు?"

"నా పాలేనన్నా. ఆయన మొహం వాడిపోయింది. డబ్బా పాలంటే బాగుండేది పాపం, ఏదో ఒకటి దొరికేది."

"...అయ్యో, నాకు నవ్వొస్తోందండీ. ఏమనుకోకండి."

"నవ్వు. నేనూ నవ్వా, ఆయన అటు వెళ్లగానే. ఎనిమిది నెలల్లో ఆ ఒక్కసారే."

"మీకేమనిపిస్తుంది మరి? మీ మనసులో?"

"గిన్నెలు తోముకుంటూ రోజుకో కారణం పట్టుకుంటా. పదకొండో ఏట తండ్రి పోయాడు కదా, అదేలే అనుకుంటా. అంతలో వీధి చివర డెక్కర్ వాళ్ల పిల్లలు గుర్తొస్తారు. వాళ్ల ముగ్గురికీ తండ్రి లేడు, ఒకడు బేకరీ పెట్టుకున్నాడు. వాడు ప్రేమించిన ఆ కెండ్రా వదిలేసి పోయింది కదా, అదేలే అనుకుంటా. ఎంతమందిని వదిలేసి పోవట్లేదు? షెడ్డులో పనిగంటలు కోశారు కదా అనుకుంటే, అందరికీ కోశారు."

"నాకూ కోశారు."

"నీకూ కోశారు. పాస్టరు గారేమో సైతాను అన్నారు. టీవీలో నన్నన్నారు, తల్లికి తెలీకుండా ఉంటుందా అని. కింద గదిలో ఉండేవాడు జోలీన్. నా కాళ్ల కిందే. మాట్లాడ్డం మానేశాడు. భోజనం మెట్ల మీద పెడితే తినేసి, ప్లేటు కడిగి పెట్టేవాడు. కడిగి పెడుతున్నాడు కదా, బాగానే ఉన్నాడులే అనుకున్నా."

"తుపాకీ ఉందని తెలీదా?"

"ఇక్కడ ఎవరింట్లో లేదు? మీ ఇంట్లో లేదా?"

"...రెండున్నాయి."

"వాళ్ల నాన్నది అది. జింకల వేటకి కొన్నాడు. ఆయన పోయాక నేనే దాచా. వీడికి పద్దెనిమిదేళ్లు నిండిన రోజు నా చేత్తోనే ఇచ్చా. నీలం రిబ్బను కట్టి మరీ ఇచ్చా. నన్ను ఏమన్నా అను, పడతా."

"వెర్నా గారూ, ఒకటుంది. అది నన్ను తినేస్తోంది."

"చెప్పు."

"సెప్టెంబరులో ఒకరోజు గ్యారెట్ చొక్కా తిరగేసి తొడుక్కొచ్చాడు. భోజనాల గదిలో మా చెల్లి ముందు చూసింది. నేనేమో పెద్ద గొంతేసుకుని, 'ఇవాళ లోపలి గ్యారెట్ బయటికొచ్చాడర్రా' అన్నా. అందరూ పడీ పడీ నవ్వారు. అతనేం అనలేదు. వెళ్లి మార్చుకొచ్చి కూర్చున్నాడు. ఇంటికొచ్చి ఏమన్నా చెప్పాడా, ఆ చొక్కా సంగతి?"

"చొక్కానా..."

"అదేనా? అదే అయితే చెప్పేయండి. నా వెకిలి మాట వల్ల మా చెల్లి, ఇంకో ఆరుగురు..."

"ఆగు. ఆగాగు. చెప్పాడు. వచ్చి చెప్పాడు. చెబుతూ వాడే నవ్వాడు. 'పొద్దున్నుంచీ అలాగే తిరిగానమ్మా, భోజనాల దాకా ఒక్కళ్లూ చెప్పలేదు' అన్నాడు."

"నిజంగా?"

"నిజంగా. ఇక్కడే, సూపు తాగుతూ."

"మెట్ల మీద పెడితే తినేవాడన్నారుగా?"

"ఆ రోజు పైకొచ్చాడు."

"...అలాగా."

"ఆ ఒక్కరోజు వచ్చాడు. ఏడవకు తల్లీ. ఇదిగో, తువ్వాలు తీసుకో. ఉతికిందే."

"ఎనిమిది నెలలుగా ఇది ఎవరికీ చెప్పలేదండీ."

"నాకు చెప్పావుగా. ఇంక వదిలెయ్. ఇప్పుడు నేను అడగనా?"

"అడగండి. ఒక్క మాట అడగాలని రాశారు, అదేంటో రాయలేదు ఉత్తరంలో."

"కాగితం మీద పెట్టబుద్ధి కాలేదు. పేపర్లో పడింది నీ గురించి. వాడు నీ ఎదురుగా నిలబడ్డాడని. తుపాకీ నీ మీదకెత్తి, మళ్లీ దించేసి వెళ్లిపోయాడని. ఎనిమిదో మనిషిని వదిలేశాడని."

"పేపర్లో ఏవేవో రాస్తారండీ."

"నిజమేనా?"

"కాఫీ ఇంకొంచెం ఉందా?"

"పోస్తా. నిజమేనా జోలీన్?"

"పెట్టెల వెనక నక్కి ఉన్నానండీ. చెవులు గింగుర్లెత్తుతున్నాయి. సరిగ్గా గుర్తులేదు."

"నీ ఎదురుగా నిలబడ్డాడు కదా."

"నిలబడ్డాడు."

"నీ మొహం చూశాడు."

"చూశాడు."

"గుర్తుపట్టాడా నిన్ను?"

"ఇప్పుడెందుకండీ ఇదంతా?"

"ఎందుకంటే నాకు నువ్వొక్కదానివే మిగిలావు. మిగతా ఏడుగుర్నీ నేను అడగలేను. ఆ రోజు వాడు చేసినదాంట్లో ఎంత వెతికినా నేను కన్న పిల్లాడు కనపడడు. నిన్ను వదిలేశాడంటే, ఆ ఒక్క క్షణం వాడు మళ్లీ నావాడైనట్టే కదా. కారణం నాకింక అక్కర్లేదు తల్లీ. ఆ క్షణం ఉంటే చాలు. వదిలేశాడా? చెప్పమ్మా."

"వదిలేశాడమ్మా."

"తుపాకీ దించాడా?"

"దించాడు. నన్ను చూసి దించేశాడు."

"ఏమన్నా అన్నాడా?"

"'వెళ్లిపో' అన్నాడు. 'వెళ్లిపో జోలీన్' అన్నాడు."

"పేరు పెట్టి?"

"పేరు పెట్టే."

"గొంతు ఎలా ఉంది?"

"మామూలుగానే ఉందమ్మా. ఆ రోజు మంచులో, కారు దగ్గర మాట్లాడినట్టే."

"చేతులు చల్లబడిపోయాయేంటి నీకు? ఇలా ఇవ్వు. ఎంత మంచిదానివి జోలీన్."

"నాదేముంది. జరిగింది చెప్పా."

"రెండుసార్లు నొక్కాడట తల్లీ."

"ఏంటి?"

"నీ మీదకెత్తి రెండుసార్లు ట్రిగ్గర్ నొక్కాడట. తూటాలు అయిపోయాయి. ఇంకో డబ్బా తెచ్చుకోవడానికే కారు దగ్గరికెళ్లాడు. పోలీసులు కాల్చేసరికి ఆ డబ్బా చేతిలోనే ఉందట. షెడ్డు కెమెరాలో మొత్తం ఉందని మొదటి వారంలోనే చెప్పారు నాకు."

"...ఈ మాట మీ మొహం మీద అనాలనే వచ్చానమ్మా నేను. కారులో వస్తూ దారంతా అదే అనుకున్నా. తీరా ఇక్కడ కూర్చున్నాక నోరు రాలేదు."

"చూశాగా."

"అన్నీ తెలిసి నన్నెందుకడిగారు మరి?"

"కెమెరాకి కనపడనిదేమన్నా నీకు కనపడిందేమోనని."