వెనక చక్రం మీద దర్జీ

ఆ దర్జీకి బట్టల కోతలో ఎంత పేరుందో మాటల కోతలోనూ అంత పేరు. వీధిలో వాళ్ళు తనని కోతల దర్జీ అంటారని ఆయనకి తెలుసు. ఏ కోత గురించి అంటున్నారని ఒక్కనాడూ అడగలేదు. రెండూ తన విద్యలే కదా అని ఊరుకున్నాడు.

అలాంటి మనిషికి కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవి దాకా కూడా లేవదు. కొట్టు బావమరిదికి అప్పజెప్పి, రోజూ పొద్దున్నే ఆస్పత్రిలో వ్యాయామాల గదికి రావడం మొదలుపెట్టాడు. ఆ గదిలో గోడకి బిగించిన చెక్క నిచ్చెన ఒకటి, చేతి వేళ్ళతో దాని మెట్లెక్కాలి. మధ్యలో నడక నేర్చుకునేవాళ్ళు పట్టుకోవడానికి రెండు ఇనప కడ్డీలు. గోడ వారన కుర్చీలు. వంతు వచ్చేదాకా ఆ కుర్చీల్లో కూర్చుని ఎవరి నొప్పి వాళ్ళు ఒత్తుకోవడమే పని. దర్జీకి భుజం నొప్పి ఒక ఎత్తు, ఆ గదిలో మౌనం ఒక ఎత్తు.

పక్క కుర్చీ మోకాలికి ఆపరేషన్ అయిన పోస్ట్‌మాస్టరుది. రిటైరై చాలా కాలమైంది. ఆ పక్కన మణికట్టు విరిగిన బేకరీ ఆవిడ. వీళ్ళిద్దరూ దర్జీ మాటలకి అలవాటుపడ్డారు. చివరి కుర్చీలో పిల్ల మాత్రం ఎవరి మాటా వినేది కాదు. ఇల్లిల్లూ తిరిగి పార్శిళ్ళు అందించే ఉద్యోగం ఆ పిల్లది. వాన నీళ్ళు నిలిచిన మలుపులో బండి జారి, కుడికాలి ఎముక చీలమండ పైన విరిగింది. ఎముక అతికింది, కట్టు విప్పేశారు, ఇక కాలు నేలకి ఆన్చి బరువు వెయ్యమన్నారు. పిల్ల వెయ్యదు. కాలు పీట మీద పెట్టుకుని, అది వేరేవాళ్ళెవరో తనకి దాచమని ఇచ్చిన వస్తువైనట్టు దాన్నే చూస్తూ కూర్చుంటుంది.

"ఇప్పుడు ఆన్చకపోతే కీలు బిగుసుకుపోతుందమ్మా. తర్వాత జన్మంతా కుంటాలి," అని డాక్టరమ్మ బతిమాలింది, కసిరింది, ఊరుకుంది. ఎముకకి లేని భయం మనసుకి పట్టుకుంటే దానికి కట్టు ఎక్కడ కడతారు?

ఆ రోజు డాక్టరమ్మ లోపలి గదిలో ఎవరి నడుమో చూస్తోంది. పిల్ల తల్లి కళ్ళొత్తుకుంటూ బండిని తిడుతోంది.

"ఇంటికెళ్ళగానే ఆ దిక్కుమాలిన బండిని పాత ఇనుములో వేసేస్తాను. దాని మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండిపోతోంది."

పిల్ల తల ఇంకాస్త వంగింది. అది దర్జీ కంట పడింది. ఎక్కడ తగువు జరిగినా ఏదో ఒక పక్షం చేరకపోతే ఆయనకి తిన్నది అరగదు. బండి పక్షం చేరిపోయాడు.

"బండిని అనకండి చెల్లెమ్మా. దాని మనసు మనకి తెలియాలి గానీ అది చెప్పిన మాట వింటుంది. నేను వీలీలు వేసినవాణ్ణి, నాకు తెలుసు."

"అవేంటి?" అంది బేకరీ ఆవిడ.

"ముందు చక్రం గాల్లోకి లేపి, వెనక చక్రం ఒక్కదాని మీద బండి నడపడం."

నిజానికి దర్జీ ఎక్కింది బావమరిది బండి వెనక సీటు, అదీ కళ్ళు మూసుకుని. కొట్టు ముందు చేరే కుర్రాళ్ళు ఆ వీలీల గురించి మాట్లాడుకుంటుంటే చెవిన పడ్డ నాలుగు ముక్కలే ఆయన పెట్టుబడి. అయితే మూరెడు గుడ్డతో చొక్కా కుట్టగలనని చెప్పుకునే మనిషికి నాలుగు ముక్కలు తక్కువేమీ కాదు.

"మీరా?" అన్నాడు పోస్ట్‌మాస్టరు. "సైకిలెక్కడం ఎప్పుడూ చూళ్ళేదే మిమ్మల్ని."

"సైకిలు రానివాడికే బండి బాగా వస్తుంది మాస్టారూ, పాత అలవాట్లు అడ్డం రావు. మా కొట్టు వెనక ఖాళీ స్థలం లేదూ, అక్కడే మొదలుపెట్టాను. మొదటి రోజు చక్రం జానెడు లేచింది, అంతే, గొప్పలు చెప్పుకోను. మర్నాడు మూరెడు. జోరుగా పోతూ ఎవడైనా లేపుతాడు, జోరుగా పోతే గాలే మోస్తుంది, అందులో మన ప్రతాపం ఏముంది? నెమ్మదిగా వెయ్యాలి. పక్కన నడిచే మనిషితో కబుర్లు చెబుతూ పోయేంత నెమ్మదిగా. అసలు విద్య అది."

పిల్ల కళ్ళు కాలి మీద నుంచి లేచాయి. ఒక్క క్షణమే. మళ్ళీ వాలిపోయాయి. దర్జీకి ఆ ఒక్క క్షణం చాలు. వినేవాళ్ళలో ఒకరు కొత్తగా దొరికితే ఆయనకి గొంతులో నూనె పోసినట్టుంటుంది.

"అలా సాధన చేసి చేసి ఎంత నెమ్మది పట్టుబడిందంటే, ఒకసారి వీలీ మీద బజారుకి వెళ్తున్నాను, పక్కన ఒకాయన నడుస్తూ వచ్చి 'దర్జీ గారూ, నా ప్యాంటు ఎప్పుడిస్తారు' అన్నాడు. 'రేపు' అన్నాను. దర్జీలం ఎప్పుడూ చెప్పేది రేపే కదా. ఆయన వదల్లేదు, నడుము పెరిగిందన్నాడు, సరేనని మెళ్ళో టేపు తీసి ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, ఇంకో చేత్తో ఆయన నడుము కొలిచాను, చక్రం దిగలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కూడలిలో ఎర్ర లైటు పడింది."

"దింపేశారా?" అంది బేకరీ ఆవిడ.

"దింపితే నా పరువేం కాను? నిలబడ్డాను. వెనక చక్రం మీదే, కదలకుండా, మెదలకుండా. పచ్చ లైటు పడింది, వెనకవాళ్ళంతా వెళ్ళిపోయారు, మళ్ళీ ఎర్ర లైటు పడింది, నాకు ఆ నిలకడ ఎంత హాయిగా ఉందంటే వెళ్ళబుద్ధి కాలేదు. ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. నా చుట్టూ తిరిగి చూసి, 'సగం బండే రోడ్డు మీదుంది, ఏ కేసు రాయాలో తెలీడం లేదు, మా పైవాళ్ళని అడిగొస్తా' అని వెళ్ళాడు. అలా వెళ్ళినవాడు బదిలీ మీద వేరే ఊరెళ్ళిపోయాడు గానీ జవాబు తేలేదు."

పోస్ట్‌మాస్టరు మోకాలు రాసుకోవడం మానేశాడు. "ఈలోపు మీ భోజనం?"

"మా ఆవిడ క్యారేజీ తెచ్చేది. అదే చెప్పబోతున్నా. వానొచ్చింది, ముందు చక్రమే నాకు గొడుగైంది. వాన వెలిశాక ఒక పిట్ట వచ్చి చక్రం మీద వాలింది. తిరగని చక్రం, ఎత్తున ఉంది, కింద పిల్లి భయం లేదు. మర్నాడు పుల్లలు తెచ్చింది. మీరే చెప్పండి చెల్లెమ్మా, ఒక తల్లి గూడు కట్టుకుంటుంటే ఎలా దింపను? గుడ్లు పెట్టింది. పొదిగింది. పిల్లలకి రెక్కలొచ్చేదాకా నేను తుమ్మొస్తే కూడా ఆపుకున్నాను. ఆఖరి పిల్ల ఎగరనంటుంది, అంచున కూర్చుని కిందకి చూస్తుంది, వణుకుతుంది. దాని కోసం ఇంకొన్నాళ్ళు."

ఆ ఆఖరి పిల్ల సంగతి దర్జీ కావాలని అనలేదు. నోటికి వచ్చింది, అనేశాడు. అన్నాక చివరి కుర్చీ వైపు చూశాడు. పిల్ల మొహం చిట్లించుకుని తననే చూస్తోంది. అది నవ్వు కాదు. లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి పంతులమ్మ చూసే చూపు. కానీ ఇన్నాళ్ళకి ఆ మొహంలో ఏదో ఒకటి కనబడింది కాబట్టి దర్జీ ఇంకా రెచ్చిపోయాడు.

"అక్కడితో అయిపోయిందా? పిట్టలెగిరాక ఇంటికి బయల్దేరాను. ఈసారి ఇంకా నెమ్మదిగా. స్పీడు ముల్లు సున్నాకొచ్చింది. ఇంకొంచెం తగ్గించాను, సున్నా దాటి వెనక్కి పోయింది. ట్యాంకులో పెట్రోలు పెరగడం మొదలెట్టింది. ఎదురొచ్చినవాళ్ళంతా వెనక్కి నడుస్తున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటికి చేరేసరికి నేనింకా బయల్దేరలేదు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ కనబడ్డాను. 'ఎక్కడికి?' అని నన్ను నేనే అడిగాను. 'వీలీ నేర్చుకోడానికి' అన్నాను. 'జాగ్రత్త, భుజం పట్టేస్తుంది' అని చెప్పాను. వింటానా, నా సంగతి నాకు తెలీదూ. అదిగో, అన్నాళ్ళు హ్యాండిల్ పైకెత్తి పట్టుకోబట్టే ఈ భుజం ఇలా బిగుసుకుంది."

"పైకెత్తి పట్టుకుంటే పైనే బిగుసుకోవాలి కదా," అంది బేకరీ ఆవిడ. "మీ చెయ్యి కిందే ఉండిపోయిందే?"

"బండి దించాక ఇంట్లోవాళ్ళు నలుగురూ కలిసి గుంజి గుంజి కిందకి దింపారు. అప్పుడు కింద బిగుసుకుంది."

పోస్ట్‌మాస్టరు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. పిల్ల తల్లి కూడా కళ్ళ నీళ్ళతోనే నవ్వింది. ఆ నవ్వుల మధ్యలో చివరి కుర్చీ నుంచి, వాడక బొంగురుపోయిన గొంతు ఒకటి వినబడింది.

"మీ కుడికాలు ఎక్కడుంది?"

నలుగురూ అటు తిరిగారు.

"ఏంటమ్మా?" అన్నాడు దర్జీ.

"లైటు దగ్గర నిలబడ్డారు కదా బాబాయ్ గారూ. అప్పుడు మీ కుడికాలు ఎక్కడ పెట్టారు?"

పోలీసు గురించి అడిగినా, పిట్ట గురించి అడిగినా దర్జీ దగ్గర జవాబుంది. కాలి గురించి కుర్రాళ్ళెప్పుడూ మాట్లాడుకోలేదు. "కాళ్ళదేముంది," అన్నాడు. "మఠం వేసుకుని కూర్చున్నాను."

"అయితే మీరు వెల్లకిలా పడిపోయుండాలి. గూడూ లేదు, గుడ్లూ లేవు." పిల్ల గొంతులో నిజంగానే చిరాకుంది. "నెమ్మదిగా వేసే వీలీ అంతా కుడికాల్లోనే ఉంటుంది. వెనక బ్రేకు దాని కింద ఉంటుంది. బండి మరీ లేచిపోతుంటే ఆ కాలితో నొక్కాలి, నొక్కితే ముందు చక్రం కిందకొస్తుంది. మొదట నేర్చుకోవాల్సిందే అది. మీకు తెలిసినట్టు లేదు."

"నీకెలా తెలుసే?" అంది తల్లి.

పిల్ల ఒక్క క్షణం తడబడింది. "సెలవు రోజుల్లో గోడౌన్ వెనక నేర్చుకున్నానమ్మా. అప్పుడు ఎప్పుడూ పడలేదు. పడింది మామూలుగా వెళ్తూనే."

తల్లి నోరు తెరిచింది. దర్జీ బాగున్న ఎడంచెయ్యి కొంచెం ఎత్తి, ఆగమన్నట్టు చూపించాడు. ఆయనకి తల కొట్టేసినట్టుగానే ఉంది. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రంగా ఎవరూ పట్టుకోలేదు. అయినా సర్దుకోవడానికి ఆయనకెంతసేపు? ఆ బండికి బ్రేకు ఎడమవైపుండేదని అనొచ్చు. కాలి బదులు పిట్ట నొక్కేదని అనొచ్చు. రెండూ నాలుక చివర్న సిద్ధంగా ఉన్నాయి. నోరు విప్పబోయి పిల్ల కాలి వైపు చూశాడు. పీట మీద ఉన్న ఆ కాలి మునివేళ్ళు, మాట్లాడుతున్నంతసేపూ, లేని బ్రేకుని నొక్కుతున్నాయి.

దర్జీ రెండు కోతలూ మింగేశాడు.

"నొక్కడం అంటే ఎలా?" అన్నాడు. "మా కుట్టుమిషను తొక్కినట్టా?"

"కాదు. అలా తొక్కితే బండి దభీమని పడుతుంది. తగిలీ తగలనట్టు."

"నాకు మిషను తప్ప ఇంకోటి తెలీదమ్మా. చెబితే ఎక్కదు, చూపిస్తే తప్ప."

పిల్ల విసుక్కుంటూ కాలు పీట మీద నుంచి దింపింది. కుర్చీ చేతులు పట్టుకుని ఎడంకాలి మీద లేచింది. మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు ముందుకి చాపి హ్యాండిల్ పట్టుకున్నట్టు పెట్టింది. కుడికాలి మునివేళ్ళు నేలకి ఆనించింది. "ఇదిగో, ఇలా. ఇలా ఆనించి ఉంచాలి."

"ఆనించినట్టు లేదే. గాల్లో ఉన్నట్టుంది."

"ఇలా." పాదం మొత్తం దిగింది.

డాక్టరమ్మ లోపలి గది గుమ్మంలోకి వచ్చి, అడుగు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. తల్లి పైటని నోటికి అడ్డం పెట్టుకుంది. బేకరీ ఆవిడ విరిగిన మణికట్టుని మర్చిపోయి రెండు చేతులూ కలిపి పట్టుకుంది. దర్జీ ఎవరి వైపూ చూడలేదు. చూస్తే పిల్ల కూడా చూస్తుందని ఆయనకి తెలుసు.

"సరే, కుడికాలు నొక్కుతోంది," అన్నాడు మొద్దు మొహం పెట్టి. "మరి అప్పుడు ఎడంకాలు ఏం చేస్తుంది? దాని మీద నిలబడాలా?"

"అక్కర్లేదు. అది తేలిగ్గా ఉంటుంది, ఊరికే," అంటూ పిల్ల ఎడంపాదం నేల మీద నుంచి కొంచెం లేపి చూపించింది.

ఆ పిల్ల బరువంతా కుడికాలి మీద ఉంది. మొహంలో నొప్పి ఒక్కసారి మెరిసింది, పెదవి కొరుక్కుంది, కానీ కాలు మడత పడలేదు. ఏం చేస్తోందో అప్పుడు తెలిసిందేమో, కిందకి చూసుకుంది. ఎడంపాదం మళ్ళీ నేలకి దిగింది. ఆమె మాత్రం కూర్చోలేదు.

పోస్ట్‌మాస్టరు దర్జీ చెవి దగ్గరకి వంగాడు. "ఇంతకీ మీరు వీలీ వెయ్యలేదని తేలినట్టేనా?"

"ఉండండి మాస్టారూ," అన్నాడు దర్జీ గొంతు తగ్గించి. తర్వాత పిల్ల వైపు తిరిగి, గదంతా వినబడేలా అన్నాడు. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదమ్మా. మళ్ళీ చూపించు."