తలుపు మీది ప్లేటు

కాజీపేట గూడ్సు యార్డు గోడకు ఆనుకొని అబ్దుల్ హమీద్ వెల్డింగ్ షెడ్డు. కంటైనర్ డబ్బా కింద నలిగి హమాలీ గట్టయ్య చచ్చిపోయి తొమ్మిది రోజులు. యార్డులో పని మాత్రం ఒక్క పూట ఆగలేదు. మధ్యాహ్నం గట్టయ్య భార్య చిలుకమ్మ వచ్చి షెడ్డులో కూర్చుంది. లేవడం లేదు.

“మల్ల అదే మాట! నాకేం తెల్వదంటాన గద చెల్లె.”

“ఆ మిషిన్ బంద్ చెయ్యి హమీదన్నా. నా మొకం జూసి చెప్పు.”

“అర్జంటు పనున్నది.”

“రేపు లేబర్ ఆఫీసర్ వస్తాండు. గట్టయ్య తాగి డబ్బ కిందికి వొయిండని కాంట్రాక్టరు ఓంప్రకాశ్ సారు కాయితం రాసిండు. ఏలిముద్ర ఏస్తే నాయిన జాగల నా కొడుకు రాకేష్‌ను పనికి పెట్టుకుంటడట. నేను వద్దన్న. పోరడు ఇనకుంట పొద్దుగాలనే పోయిండు.”

“మంచిదే గద. ఇల్లు గడుస్తది.”

“తాగిండని ముద్ర ఏసి ఇల్లు గడుపుకోవాల్నా? ఆయన చాయ తప్ప ఏం తాగిండన్నా? గది గూడ నీతోనే తాగేది.”

“...జర నీళ్లు తాగు.”

“నీళ్లొద్దు. కింది డబ్బ మూలకంబం తుప్పు తిన్నది. దాని మీద మిర్చి నింపిన డబ్బ పెట్టిండ్రు. కంబం వంగింది, మీదిది జారింది. అవునా కాదా?”

“అవును.”

“తుప్పుదాని మీద ఎట్ల పెట్టనిచ్చిండ్రు?”

“తలుపు మీద ప్లేటున్నది. ఎంత బరువు మోస్తది, మీద ఎంత పెట్టొచ్చు, మల్ల ఎప్పుడు చెక్ చెయ్యాలె, అన్ని దాని మీదనే గుద్ది ఉంటయి. ప్లేటు మంచిగుంటే రైలెక్కుతది. కంబం ఎవడు జూస్తడు?”

“ఆ ప్లేటు దానిది గాదు. పాత ఇనుము కింద కోసేసిన డబ్బది. నువ్వే ఊడదీసి దీనికి రివెట్లు కొట్టినవ్.”

“మెల్లగ! గోడవతల మనుషులున్నరు.”

“ఇననియ్!”

“నేను కొట్టకపోతే ఇంకోడు కొడ్తడు. ప్లేటు లేదని డబ్బ వాపస్ పోతే ఆ దినం మీ హమాలీలకే పని లేదు. మీరే గద ఉరికొచ్చేది, అన్నా జల్ది, అన్నా జల్ది అనుకుంట!”

“మీరంటే ఎవలు?”

“ఎవలైతేంది.”

“ఎవలు హమీదన్నా?”

“...ఒకలు కొట్టాల్నంటే ఒకలు ప్లేటు పట్టుకోవాలె. పట్టుకున్నది గట్టయ్యనే.”

“అబద్ధం.”

“నా పిల్లల మీద ఒట్టు. హమాలీల ముఠా అంత ఖాళీగ కూసున్నది, కొట్టు భాయ్ అన్నడు. నవ్వుకుంట పట్టిండు.”

“...నవ్విండా.”

“ఇప్పుడు చెప్తవా ఆఫీసర్‌కు?”

“చెప్త. సచ్చినోన్ని ఏం జేస్తరు? నువ్వు గూడ రా. ప్లేటు మీది నంబరు, డబ్బ మీది నంబరు కలువయి గద?”

“కలువయి.”

“సాలు. అది సూపెడితే సాలు.”

“ప్లేటు లేదు చెల్లె.”

“ఏడికి వొయింది?”

“పొద్దుగాల ఊడదీసి ఇంకో తుప్పు డబ్బకు కొట్టించిండ్రు. అండ్లనే మొగిలమ్మ ముఠా ఆడోళ్లు మిర్చి నింపుతాండ్రు.”

“నువ్వే కొట్టినవా? నీకు చేతులెట్ల వచ్చినయన్నా!”

“కొట్టుమన్నరు, కొట్టిన.”

“గట్టయ్య లేడు గద. ఈసారి ఎవడు పట్టిండు?”

“ఇంటికి పో చెల్లె.”

“ఎవడు పట్టిండు?”

“మీ రాకేష్. వాళ్ల నాయిన లెక్కనే గట్టిగ పట్టిండు.”