ఎరుకైన మనుషులు

అధ్యక్షులు వరప్రసాద్ గారికి, కుర్చీల్లో కూర్చున్న పెద్దలకు, గోడ వారన నిలబడ్డ నా తోటి అటెండర్లకు దండాలు. ఈ నాంపల్లి ఆఫీసులో ఇన్నేళ్లూ తలుపు బయట నిలబడ్డవాణ్ణి, రిటైరయ్యే ఈ రోజున ఇలా లోపల నిలబడి మాట్లాడటం అలవాటు లేదు. సంతకం వచ్చు, చదవడం రాదు. కాబట్టి కాగితం లేకుండానే చెబుతాను, వినండి.

ఇప్పటిదాకా మాట్లాడిన వాళ్లంతా ఒకటే అన్నారు, బాలమల్లుకు పట్నమంతా ఎరుకే అని. ఔ, ఎరుకే, అందరూ తెలిసినవాళ్లే. ఆబిడ్స్‌లో మందుల దుకాణం ఆయన, మొజంజాహీ మార్కెట్లో పండ్లమ్మే ఆయన, స్టేషన్లో టికెట్లిచ్చే ఆయన, దవాఖానలో వార్డు చూసే రామచందర్. వీళ్లను నేను పని పడ్డప్పుడు వెతుక్కోలేదు. దారిన పోతూ సలాం చెప్పి, ఇరానీ హోటల్లో ఒక చాయ్ ఇద్దరం పంచుకుని, పిల్లల క్షేమం అడిగి, దసరా నాడు ఇంటింటికీ పోయి మేం బంగారమనే జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయిబలాయి అని కౌగిలించుకుంటే పెరిగిన ఎరుక అది. మన ఆఫీసు తాతారావు గారు ఆ కుర్చీలో తల దించుకుంటున్నారు, చెప్పేస్తాను. రాజధాని మారి కర్నూలు నుంచి వచ్చిన కొత్తలో వారికి ఖైరతాబాద్‌లో ఇల్లు కిరాయికి చూపించింది నేనే. ఆ దసరాకి జమ్మి పట్టుకుని పోతే, ఇనాము కోసం వచ్చాననుకుని పావలా ఇచ్చారు. "పైసలొద్దు సార్, గిది బంగారం. అలాయిబలాయి తీసుకుందాం రాన్రి" అంటే బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేశారు. (నవ్వులు)

నవ్వండి. ఇక నవ్వే మాటలు లేవు.

మన ఆఫీసు ఊడ్చిన సాయన్న పోయి ఏడాది దాటింది. ఛాతీలో నొప్పి అంటే భార్య పూలమ్మ రిక్షాలో దవాఖానకు తీసుకుపోయింది. చీటీ రాసే చోట వరుస ఉంది, పెద్దదేం కాదు, కదులుతూనే ఉంది. ఆమె నిలబడబోతే సాయన్న చెయ్యి పట్టి ఆపాడట.

"వరుసల ఎందుకే? రామచందర్ సాబ్ డ్యూటీకి వస్తడు. బాలమల్లన్న పేరు చెప్తే సీదా లోపలికి తోల్కపోతడు. జర కూసో."

"చెమటలు పోస్తున్నయి గదయ్యా."

"ఎరుకైనోడు ఉండంగ ఫికర్ ఏందే?"

రామచందర్ ఆ రోజు సెలవులో ఉన్నాడు. వీళ్ల వెనక వచ్చినవాళ్లు చీటీలు రాయించుకుని లోపలికి పోయారు. సాయన్న ఆ వరండా గోడకు ఆనుకునే పోయాడు.

దవాఖాన వాళ్లను ఒక్క మాట అనను. సాయన్ననూ అనను, మనమంతా చేసేది అదే.

ఇప్పుడు పూలమ్మ సంగతి. మొగుడి జాగాలో టెంపరరీగా ఊడుస్తోంది. నెలనెలా నేనే ఒకరినో ఇద్దరినో బతిమాలి ఆమె పని నిలబెడుతున్నాను. రేపటి నుంచి బతిమాలే మనిషి ఇక్కడ ఉండడు, ఆమె పిల్లలతో రోడ్డున పడుతుంది. పర్మినెంట్ చేయమని ఆమె పెట్టుకున్న అర్జీ వరప్రసాద్ గారి గదిలోనే ఉంది. అయ్యా, నా మొహం చూసి ఇవ్వమని అడగడం లేదు. దాని వరుసలో దాన్ని చూడమంటున్నాను.

(అధ్యక్షులు: "చూద్దాం బాలమల్లూ. ఇవాళ అవన్నీ ఎందుకు?")

ఆ చూద్దాం అన్న మాటను మీ తలుపు దగ్గర నిలబడి నేనే ఎంతోమందికి చేరవేశాను సార్. దాని అర్థం నాకు తెలుసు. అందుకని రేపు పొద్దున్నే పూలమ్మను వెంటబెట్టుకుని వచ్చి, అర్జీలతో వచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద నేనూ కూర్చుంటాను. సాయంత్రం దాకా పిలవకపోతే ఎల్లుండి వస్తాను. నాకిప్పుడు వేరే డ్యూటీ లేదు.

కప్పిన శాలువాకు, వేసిన దండకు, పెట్టిన చాయ్ బిస్కెట్లకు మీ అందరికీ నా నమస్కారం. నా జాగాలో నిలబడబోయే శ్యామ్‌సుందర్‌కు మాత్రం ఒక మాట. తమ్మీ, రేపు నన్ను చూసి, ఎరుకైన మనిషి అని ముందు పంపకు. మా వంతు వచ్చినప్పుడు పిలువు, కానీ తప్పకుండా పిలువు. సెలవు.